సింప్సన్స్ సముద్రం కథల్లో ఎంత నిజం, ఎంత వెటకారం?

అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయికి పదకొండేళ్లు. 'ద సింప్సన్స్' కార్టూన్‌లో సముద్రం మీద ప్రమాదాల కథలు మూడున్న ఎపిసోడ్ చూశాడు. అవి నిజంగా జరిగాయా, ఓడ తలకిందులైతే లోపలున్న మనుషులు బతుకుతారా అని ఒకటే ప్రశ్నలు. స్కూల్ ప్రాజెక్టు కూడా దీని మీదే చేస్తానంటున్నాడు. ఓడల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?"

జవాబు:

మీ అబ్బాయి చూసింది 'ద వెట్టెస్ట్ స్టోరీస్ ఎవర్ టోల్డ్' అనే ఎపిసోడ్ అండీ. పదిహేడో సీజన్‌లోది. అమెరికాలో మొదటిసారి 2006 ఏప్రిల్ 23న వచ్చింది. నేను మర్చంట్ నేవీలో డెక్ క్యాడెట్‌గా చేరి కెప్టెన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. మనవల పుణ్యమా అని ఈ కార్టూన్ నాకూ బాగానే అలవాటైంది.

ముందు టూకీగా చెప్పేస్తాను. మొదటి రెండు కథల వెనక నిజమైన ఓడలు, నిజమైన మనుషులు ఉన్నారు. మూడోది ఒక సినిమాకి పేరడీ, కాకపోతే ఆ సినిమా వెనకా ఒక నిజం ఓడ ఉంది. ఇందులో నాకు బాగా నచ్చింది కథలు చెప్పుకునే చోటు. కుటుంబమంతా ఒక సీఫుడ్ హోటల్లో కూర్చుని ఉంటుంది. వంటింట్లో ఆక్టోపస్ ఒకటి రచ్చ చేస్తుండటంతో ఆర్డరు ఎంతకీ రాదు. ఆకలి మీద ఉన్నారు, పొద్దుపోవాలి, కాబట్టి కూతురు లిసా ఒక కథ, కొడుకు బార్ట్ ఒకటి, తండ్రి హోమర్ ఒకటి చెబుతారు. రచయితలు కావాలని పెట్టారో, అలా కుదిరిందో గానీ, ఓడల మీద జరిగే గొడవలకు ఇంతకంటే సరైన మొదలు లేదు. తిండి ఆలస్యమైతే సముద్రం మీద ఏమవుతుందో ఈ రెండు నిజం కథలూ చదివితే తెలుస్తుంది. (ఆక్టోపస్ సంగతి కూడా మరీ గాలి కబురేం కాదు. 2016లో న్యూజిలాండ్ నేషనల్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ రాత్రిపూట తొట్టిలోంచి బయటికొచ్చి, నేల మీద పాక్కుంటూ డ్రెయిను గొట్టంలో దూరి సముద్రంలోకి వెళ్లిపోయింది.)

లిసా చెప్పేది మేఫ్లవర్ ఓడ కథ. మతం విషయంలో ఇంగ్లండ్‌లో ఇమడలేక అమెరికాకు బయల్దేరిన భక్తుల్లో తల్లి మార్జ్, పిల్లలు ఉంటారు. తనను వెతికేవాళ్లకు దొరక్కుండా పారిపోతూ హోమర్ ఆ ఓడలో దూరతాడు. మధ్యలో బీరు తాగి పరువు తీసుకుంటాడు. చివరికి తుఫానులో ఓడను ఒడ్డుకు చేర్చేది కూడా అతనే. తర్వాత విందు.

ఇక అసలు సంగతి. మేఫ్లవర్ ప్రయాణికుల ఓడే కాదు, సరుకుల ఓడ. పొడవు సుమారు వంద అడుగులు. కెప్టెన్ పేరు క్రిస్టఫర్ జోన్స్. 1620 సెప్టెంబరులో, అప్పటి ఇంగ్లండ్ లెక్క ప్రకారం ఆరో తేదీన, ప్లిమత్ నుంచి 102 మంది ప్రయాణికులతో కదిలింది. నిజానికి రెండు ఓడలు కలిసి వెళ్లాలి. రెండోది స్పీడ్‌వెల్. పేరులోనే ఉంది స్పీడు, బయల్దేరిన ప్రతిసారీ కారుతూ వెనక్కి వచ్చేది. రెండుసార్లు చూసి, ఇక లాభం లేదని దాన్ని వదిలేసి, అందులో వాళ్లలో చాలామందిని కూడా మేఫ్లవర్‌లోనే కుక్కారు. వాళ్లున్న డెక్కు మీద పొడగరి నిటారుగా నిలబడలేడు. ఆలస్యమవడంతో అట్లాంటిక్‌లో తుఫాన్ల కాలం నెత్తిన పడింది.

తుఫానులో ఓడ నడి దూలం ఒకటి పగిలి వంగింది. వెనక్కి పోదామా అనుకునేదాకా వచ్చింది. అప్పుడు ఓడను కాపాడింది ఏ నావికుడి వీరత్వమూ కాదు, హాలండ్ నుంచి ప్రయాణికులు సామాన్లలో పెట్టుకొచ్చిన పెద్ద ఇనుప మర. దాన్ని దూలం కింద పెట్టి బిగించి పైకెత్తారు, కింద గుంజ కొట్టారు, ముందుకే పోయారు. ఓడల్లో చేసినవాళ్లకి ఇది చదివితే నవ్వొస్తుంది, ఎందుకంటే నేటికీ నడి సముద్రంలో మరమ్మతులు ఇలాగే జరుగుతాయి. ఉన్నదాంతో సర్దడమే.

జాన్ హౌలాండ్ అనే కుర్రాడి సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి. తుఫానులో గాలి కోసం పైకొచ్చాడు. ఓడ ఒక్క ఊపు ఊగేసరికి సముద్రంలో పడ్డాడు. అదృష్టం కొద్దీ తెరచాప తాడొకటి నీళ్లలో వేలాడుతోంది. దాన్ని పట్టుకుని మునుగుతూ తేలుతూ ఉంటే కొక్కెం కర్రతో పైకి లాగారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి పదిమంది పిల్లల్ని కన్నాడు. ఆ వంశంలోనే ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లూ అమెరికా అధ్యక్షులయ్యారు. కార్టూన్ వాళ్లు దీన్ని ఎందుకు వదిలేశారో నాకైతే అర్థం కాదు.

పారిపోయి వచ్చిన హోమర్ లాంటివాడు అసలు ఓడలో ఉన్నాడా? ఉన్నాడనే చెప్పాలి. స్టీఫెన్ హాప్కిన్స్ అనే ప్రయాణికుడు అంతకు పదకొండేళ్ల ముందు, 1609లో, సీ వెంచర్ అనే ఓడలో వర్జీనియా వెళ్తూ బెర్ముడా దగ్గర ఓడ పగిలి ద్వీపంలో చిక్కుకున్నవాడే. ఓడే పోయాక గవర్నరు పెత్తనమేంటని అక్కడ వాదన లేవదీసినందుకు అతనికి మరణశిక్ష వేశారు. ఏడ్చి కాళ్లావేళ్లా పడి బతికి బయటపడ్డాడు. అంతా అయ్యాక మళ్లీ ఓడెక్కాడు చూడండి, ఈసారి గర్భవతి అయిన భార్యతో. ఆ బిడ్డ నడి సముద్రంలోనే పుట్టాడు, ఓషనస్ అని పేరు పెట్టారు.

బార్ట్‌కి సరిజోడు కూడా ఉన్నాడు. ఓడ అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర లంగరేసి ఉండగా బిల్లింగ్టన్ అనే ఆయన కొడుకు, తండ్రి లేని సమయం చూసి క్యాబిన్లో తుపాకి పేల్చాడు. నాలుగడుగుల దూరంలో మందుగుండు పీపా సగం నిండి ఉంది, చుట్టూ నేల మీద మందు చల్లి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే అమెరికా చరిత్ర పాఠం ఆ పేజీలోనే ముగిసిపోయేది.

ఇక బీరు. కార్టూన్‌లో బీరు చూసి ఇది హోమర్ కోసం పెట్టిన జోకు అనుకుంటాం. కాదండీ, బీరు ఆ ఓడ మీద పెద్ద సమస్యే. పీపాల్లో నీళ్లు పాడైపోయేవి, అందుకని పిల్లలతో సహా అందరూ పలచటి బీరే తాగేవారు. ఎక్కడ దిగాలో తేల్చుకోలేక తిరుగుతున్నప్పుడు, ఇక వెతకడానికి వ్యవధి లేదు, సరుకులు అయిపోతున్నాయి, ముఖ్యంగా బీరు అని వాళ్లే రాసుకున్నారు. తిరుగు ప్రయాణానికి తమకు చాలదని నావికులు ప్రయాణికుల్ని ఒడ్డుకి తరిమి నీళ్లు తాగమన్నారు. జబ్బు పడ్డ ఒకాయన చిన్న గిన్నెడు బీరు ఇప్పించండని అడిగితే, నువ్వు మా కన్నతండ్రివైనా సరే ఇవ్వం పొమ్మన్నారు. ఆ అడిగినాయన విలియం బ్రాడ్‌ఫర్డ్, తర్వాత ఆ కాలనీకి గవర్నరు అయ్యాడు, ఈ సంగతులన్నీ రాసింది కూడా ఆయనే. కొద్ది రోజులకే నావికులకూ జబ్బు సోకింది, సగం మంది పోయారు. తోటి నావికులే దగ్గరికి రాకపోతే, నిన్నటిదాకా తాము తిట్టిన ప్రయాణికులే వచ్చి సేవ చేశారు. అప్పుడు కెప్టెన్ జోన్స్ మనసు మారి, రోగులకు బీరు పంపండి, నేను ఇంటిదాకా నీళ్లు తాగైనా వెళ్తానన్నాడు.

విందు మాత్రం కార్టూన్ చూపించినంత తొందరగా రాలేదు. మొదటి చలికాలంలోనే సగం మంది ప్రయాణికులు చనిపోయారు. 1621లో పంట చేతికొచ్చాక, అక్కడి స్థానిక వాంపనోగ్ తెగ నాయకుడు మాససోయిట్ దాదాపు 90 మందితో వచ్చాడు, ఐదు జింకలు వాళ్లే తెచ్చారు, మూడు రోజులు కలిసి తిన్నారు. ప్రాజెక్టులో ఈ రెండూ పక్కపక్కన రాయమనండి, టీచరుకి నచ్చుతుంది.

బార్ట్ చెప్పే బౌంటీ అనే ఓడ కథ గురించి ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. మా వృత్తిలో ఇది అందరూ వాదించుకునే కేసు. కార్టూన్‌లో స్కూల్ ప్రిన్సిపాల్ స్కిన్నర్ కెప్టెన్ బ్లై, బార్ట్ తిరుగుబాటు నాయకుడు ఫ్లెచర్ క్రిస్టియన్. బ్లై నావికుల్ని పీడిస్తాడు, వాళ్లు అతన్ని పడవలో దించేస్తారు. బార్ట్ పసిఫిక్‌లోని తహీతి ద్వీపానికి పోదాం పదండని చుక్కాని చక్రాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పి ఓడను అంటార్కిటికాలో తేలుస్తాడు.

అసలు బౌంటీ యుద్ధానికి బయల్దేరిన ఓడ కాదు. మొక్కలు తేవడానికి వెళ్లింది. వెస్టిండీస్ తోటల్లో బానిసలకు చవగ్గా తిండి దొరకాలని, తహీతి నుంచి సీమపనస మొక్కలు తెచ్చి అక్కడ నాటమని ఇంగ్లండ్ ప్రభుత్వం పంపింది. కోనసీమ వైపు వాళ్లకి సీమపనస తెలిసే ఉంటుంది, వేపుడు చేసుకుంటారు. దాని కోసం ఇంత కథ నడిచిందంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మొక్కల కోసం ఓడలో అన్నిటికంటే పెద్ద గదిని, అంటే కెప్టెన్‌కి దక్కాల్సిన గదిని, కుండీల బల్లలతో నింపేశారు. నీళ్లు కారి కింద పాడవకుండా నేలకు సీసం రేకు పరిచారు. బ్లై ఓ ఇరుకు గదిలో సర్దుకున్నాడు. 91 అడుగుల ఓడ, 46 మంది మనుషులు. చిన్న ఓడ కాబట్టి నౌకాసైనికుల్ని ఇవ్వలేదు. మామూలుగా పెద్ద ఓడల్లో కెప్టెన్‌కీ నావికులకీ మధ్య తుపాకులు పట్టుకుని నిలబడేది వాళ్లే. పైగా బ్లై హోదాకి లెఫ్టినెంటే. కమిషన్, అంటే ప్రభుత్వ నియామక పత్రం, ఉన్న అధికారి అతనొక్కడే, మిగిలినవాళ్లంతా కింది స్థాయి. నన్నడిగితే తిరుగుబాటుకి సగం కారణం ఈ ఏర్పాటే, బ్లై నోటి దురుసు తర్వాతిది.

కొరడా దెబ్బల విషయంలో బ్లై ఆ కాలపు కెప్టెన్ల కంటే నయమే అని రికార్డులు చెబుతున్నాయి. అతని జబ్బు నోరు, లెక్కలు. ప్రసిద్ధ అన్వేషకుడు కెప్టెన్ జేమ్స్ కుక్ మూడో ప్రయాణంలో ఓడ మాస్టరుగా, అంటే దారి చూసే అధికారిగా చేసినవాడు, నావిగేషన్‌లో దిట్ట, నావికుల ఆరోగ్యం మీద పట్టింపు ఎక్కువ. ఎంత పట్టింపంటే, వ్యాయామం కోసమని సాయంత్రం పూట అందరూ నాట్యం చేయాలని రూలు పెట్టాడు. అందుకోసం చూపు సరిగా లేని ఫిడేలు వాద్యగాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. ఇద్దరు మేం ఆడం అంటే వాళ్లకు రోజూ ఇచ్చే సారా కోటా ఆపేశాడు. ఇది కార్టూన్ జోకు కాదు, చరిత్ర.

ప్రయాణం మొదట్లోనే జున్ను దిమ్మలు రెండు తక్కువయ్యాయని గొడవ. నావికులు దొంగిలించారని వాళ్ల రేషన్‌లో కోత పెట్టాడు. పీపాల మేస్త్రీ నోరు విప్పి, అయ్యా, అవి బయల్దేరకముందే మీ ఇంటికే పంపాం కదా అన్నాడని మోరిసన్ అనే నావికుడు తర్వాత రాసుకున్నాడు. తర్వాత బ్రెడ్డు బదులు గుమ్మడికాయ పెట్టాడని ఇంకో గొడవ. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటాలని నెల రోజులు ఎదురుగాలితో కుస్తీ పట్టి, కుదరక ఓడ తిప్పి ఆఫ్రికా చుట్టూ తిరిగి 1788 అక్టోబరులో తహీతి చేరారు. మొక్కలు సిద్ధమయ్యేదాకా అక్కడే ఐదు నెలలు. ఎండ, పళ్లు, ఆదరించే మనుషులు, పని తక్కువ. అలాంటి చోట ఐదు నెలలుండి మళ్లీ ఆ ఇరుకు ఓడ ఎక్కమంటే ఎవరికి మాత్రం ఎక్కాలనిపిస్తుంది?

1789 ఏప్రిల్ 4న వెయ్యికి పైగా మొక్కలతో కదిలారు. ఏప్రిల్ 27న డెక్కు మీద పెట్టిన బ్లై కొబ్బరికాయలు తగ్గాయి. అందర్నీ పిలిచి, ఎవరెవరు ఎన్ని కొన్నారు, ఎన్ని తిన్నారు అని ఒక్కొక్కణ్ణి నిలదీశాడు. క్రిస్టియన్‌ని నావికుల ముందే దొంగ అన్నాడు. సాయంత్రానికి కోపం దిగిపోయి, ఏమీ జరగనట్టు రాత్రి భోజనానికి రమ్మని అతన్నే పిలిచాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి క్రిస్టియన్ వెళ్లలేదు. మర్నాడు తెల్లవారకముందే టోఫువా ద్వీపం దగ్గర బ్లైని చొక్కా మీదే మంచం మీంచి లేపి చేతులు కట్టేశారు.

ఇన్నేళ్లు ఓడల్లో ఉండి నేను చూసింది కూడా ఇదే. ఓడంటే బయటినుంచి గడియ పెట్టిన ఉమ్మడి కుటుంబం. జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఓర్చుకునే మనిషి, కూరలో ముక్క తక్కువైందని నెల రోజులు మాట్లాడడం మానేస్తాడు. కొత్త ఓడలో చేరగానే నేను ముందు చూసేది ఇంజను రూము కాదు, వంటగది. చీఫ్ కుక్ మంచివాడైతే సగం టెన్షన్ పోయినట్టే.

పడవలో దించేశాక బ్లై ఏం చేశాడన్నదే ఈ కథలో అసలు భాగం. కార్టూన్ దీన్ని పట్టించుకోలేదు. 23 అడుగుల పడవ, అతనితో కలిపి 19 మంది. నీటికి పైన పడవ అంచు ఏడంగుళాలు, జానెడు కూడా లేదు. మ్యాపు ఇవ్వలేదు. మొదట ఆగిన టోఫువాలోనే స్థానికుల దాడిలో ఒకడు చనిపోయాడు. అక్కణ్ణుంచి డచ్చి వాళ్ల చేతిలో ఉన్న తిమోర్ ద్వీపం దాకా 3,600 నాటికల్ మైళ్ల పైన ప్రయాణం. జూన్ 14న అక్కడి కూపాంగ్ రేవు చేరారు, దార్లో మరొకరు చనిపోలేదు. రోజూ బ్రెడ్డు తూచి పంచడానికి రెండు కొబ్బరి చిప్పలతో త్రాసు చేశాడు, తూకపు రాయిగా పిస్తోలు గుండు పెట్టాడు. ఎప్పుడైనా సముద్ర పక్షి దొరికితే ముక్కలు చేసి, ఒకణ్ణి వెనక్కి తిరిగి నిలబెట్టి, ఇంకొకడు ముక్కను చూపించి "ఇది ఎవరికి?" అని అడిగేవాడు. చూడనివాడు ఎవరి పేరు చెబితే వాళ్లకి ఆ ముక్క. కొబ్బరికాయల లెక్కతో ఓడ పోగొట్టుకున్న మనిషే, బ్రెడ్డు లెక్కతో అందర్నీ బతికించాడు. గుణం ఒకటే, పనికొచ్చిన చోటు వేరు.

తిరుగుబాటుదార్లు మొక్కలన్నీ సముద్రంలో పారేశారు. వాళ్లు అంటార్కిటికా పోలేదు గానీ, మనుషులు కనిపెట్టలేని చోటికే పోయారు. క్రిస్టియన్, మరో ఎనిమిది మంది తహీతి వైపు మనుషుల్ని కొందరిని వెంటబెట్టుకుని, 1790 జనవరిలో పిట్‌కెయిర్న్ అనే చిన్న ద్వీపంలో దిగి ఓడను తగలబెట్టారు. అప్పటి చార్టుల్లో ఆ ద్వీపం ఉండాల్సిన చోట లేదు, వందల మైళ్లు పక్కకు గీశారు. వెతికేవాళ్లకి దొరకలేదు. 1808లో ఒక అమెరికన్ ఓడ అటు వెళ్లేసరికి ఆ తొమ్మిది మందిలో బతికి ఉన్నది ఒక్కడే, చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఒకరినొకరు చంపుకున్న గొడవల్లోనే పోయారు. వాళ్ల వారసులు కొద్దిమంది ఇప్పటికీ ఆ ద్వీపంలో ఉన్నారు.

బ్లై మళ్లీ వెళ్లి ఈసారి సీమపనస మొక్కలు క్షేమంగా వెస్టిండీస్ చేర్చాడు. తీరా చూస్తే బానిసలకు ఆ రుచి నచ్చక మొదట్లో ముట్టుకోలేదు. తర్వాత అతన్ని ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌కి గవర్నరుగా పంపితే, 1808లో అక్కడి సైన్యం తిరగబడి అతన్ని దించేసింది. ఒక మనిషికి ఇన్ని తిరుగుబాట్లు రాసిపెట్టి ఉండటం, స్కిన్నర్ కంటే కూడా పాపం అనిపిస్తుంది.

మూడోది హోమర్ చెప్పే కథ. కొత్త సంవత్సరం రాత్రి క్రూయిజ్ ఓడలో పార్టీ జరుగుతుండగా రాక్షస అల కొట్టి ఓడ తలకిందులవుతుంది. బతికినవాళ్లు పైకి, అంటే ఇప్పుడు పైకొచ్చిన ఓడ అడుగు వైపుకి ఎక్కుతూ పోతారు. ఇది 1972 నాటి 'ద పొసైడన్ అడ్వెంచర్' సినిమాకి వెక్కిరింత. ఆ సినిమాని హాలీవుడ్ మళ్లీ తీసి 2006 మే నెలలో విడుదల చేసింది, ఈ ఎపిసోడ్ సరిగ్గా కొన్ని వారాల ముందే వచ్చింది. పాత సినిమాలో గంభీరమైన కెప్టెన్ వేషం వేసింది లెస్లీ నీల్సన్. తర్వాత ఆయన కామెడీలో పెద్ద స్టార్ అయ్యాడు, కాబట్టి ఇప్పుడు ఆ సినిమా చూస్తే కెప్టెన్ నోరు తెరవగానే నవ్వొస్తుంది.

ఓడ అలా తిరగబడుతుందా అని కదా మీవాడి ప్రశ్న. ఆ సినిమాకి మూలమైన నవల రాసిన పాల్ గాలికో 1937లో క్వీన్ మేరీ ఓడలో వెళ్తుండగా అది బాగా పక్కకు ఒరిగిందట, ఆలోచన అక్కడే పుట్టింది. అదే క్వీన్ మేరీ 1942 డిసెంబరులో వేలమంది అమెరికన్ సైనికులతో వెళ్తూ స్కాట్లాండ్‌కి దూరంగా ఒక భారీ అల దెబ్బకు 52 డిగ్రీల దాకా ఒరిగిందని చెబుతారు. ఇంకాస్త ఒరిగి ఉంటే అంతే సంగతులు. అది మళ్లీ లేచి నిలబడింది.

ఎందుకు లేచిందంటే, ఓడ బరువంతా కింద ఉండేలా కడతాం, నింపుతాం. ఒరిగినప్పుడు ఒరిగిన వైపు నీళ్లలో మునిగే భాగం ఎక్కువై, ఆ నీరే ఓడను పైకి నెడుతుంది. కింద బరువు చాలకపోతే ఈ నెట్టుడు పనిచేయదు. అందుకే ట్యాంకుల్లో నీళ్లు నింపుతాం, దాన్నే బ్యాలాస్ట్ అంటాం. సినిమాలో కెప్టెన్ బ్యాలాస్ట్ నింపుదామంటే, కంపెనీ మనిషి కుదరదు, ఆలస్యమవుతోంది, వేగం పెంచమంటాడు. సినిమా మొత్తంలో నాకు నూటికి నూరుపాళ్లు నిజమనిపించిన సీను అదే.

సినిమాలో చెప్పని ఇంకో సంగతి: లోతు సముద్రంలో సునామీ ఓడను తిప్పేయదు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో అంత ఘోరం జరిగినప్పుడు, నడి సముద్రంలో ఆ అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లేనని ఉపగ్రహం కొలిచింది. ఓడలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. తీరానికి వచ్చాకే అది పైకి లేస్తుంది. అయితే తుఫాను సముద్రంలో ఉన్నట్టుండి లేచే ఒంటరి రాక్షస అలలు మాత్రం నిజం. మా పాత కెప్టెన్లు చెబితే ఒడ్డు మీది శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మలేదు. చివరికి నార్త్ సీలో డ్రాప్నర్ అనే గ్యాస్ ప్లాట్‌ఫామ్ మీది పరికరం 25.6 మీటర్ల అలను కొలిచింది. తేదీ 1995 జనవరి 1. కొత్త సంవత్సరం రోజే, హోమర్ కథ కంటే ఒక్క రోజు అటూ ఇటూ.

నిజం ఓడలు తిరగబడింది మాత్రం ఎక్కువగా అలల వల్ల కాదు. 1987 మార్చి 6న బెల్జియంలో జీబ్రగ్గ రేవు నుంచి కదిలిన 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' ఫెర్రీకి ముందు వైపున కార్లు ఎక్కడానికి ఉండే తలుపు మూయలేదు. మూయాల్సినతను క్యాబిన్లో నిద్రపోయాడు. తలుపు మూసి ఉందో లేదో చూపే లైటు బ్రిడ్జి మీద, అంటే కెప్టెన్ ఓడ నడిపే గదిలో, లేదు. కార్ల డెక్కు మీదికి నీళ్లొచ్చి అటూ ఇటూ పరిగెత్తి, నిమిషాల్లో ఓడ పక్కకు పడిపోయింది. 193 మంది చనిపోయారు. దీన్ని నేను నవ్వుతూ చెప్పలేను.

తలకిందులైన ఓడలో మనిషి బతకగలడా అంటే, బతికాడు. 2013 మేలో నైజీరియా తీరంలో ఒక టగ్గు (పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ) తిరగబడి ముప్పై మీటర్ల లోతున మునిగింది. అందులోని వంటవాడు గాలి చిక్కుకున్న ఒక మూలలో చీకట్లో దాదాపు 60 గంటలు ఉన్నాడు. శవాల కోసం దిగిన డైవర్లకు చెయ్యి కనిపించి, శవమనుకుని పట్టుకుంటే ఆ చెయ్యి తిరిగి పట్టుకుంది. ఆ వీడియో నెట్‌లో ఉంది, మీరు ముందు చూసి తర్వాత వాడికి చూపించండి. తోటివాళ్లు పదకొండు మంది బతకలేదు.

చిన్న మాట. సినిమాల్లో, కార్టూన్లలో అల కొట్టగానే టేబుళ్ల మీదివన్నీ ఎగురుతాయి. మేం ఓడ బాగా ఊగే రోజున మెస్‌లో టేబుల్ గుడ్డను నీళ్లతో తడుపుతాం, తడి గుడ్డ మీద కంచం జారదు. వంటగది పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలుంటాయి, సాంబారు గిన్నె వాటి మధ్య ఇరికించి, సగానికే నింపుతారు. ఆ రోజు అందరికీ సగం గరిటే.

ప్రాజెక్టుకి నా సలహా బౌంటీ తీసుకోమని. ఓడ బొమ్మ గీయడం కంటే బ్లై త్రాసు చేయించండి: రెండు కొబ్బరి చిప్పలు, ఒక కర్ర, దారం. ఆ పిస్తోలు గుండ్లు పౌనుకి ఇరవై ఐదు తూగేవి, అంటే ఒక్కోటి 18 గ్రాములు. ఒక చిప్పలో 18 గ్రాముల తూకం పెట్టి, రెండో చిప్పలో శాండ్‌విచ్ బ్రెడ్డు స్లైసు ఒకటి పెట్టమనండి. స్లైసే బరువు తూగుతుంది. సరిపోయేదాకా దాన్ని తుంచుకుంటూ పోతే మిగిలేది ఒక మనిషికి ఒక పూట తిండి, తాగడానికి పావు పైంటు (ఓ చిన్న గ్లాసుడు) నీళ్లు. క్లాసులో పిల్లలందరికీ ఆ ముక్కలు "ఇది ఎవరికి?" పద్ధతిలో పంచమనండి. చిన్న ముక్క వచ్చినవాడు ఎంత గొడవ చేస్తాడో రాసుకుంటే ప్రాజెక్టులో చివరి పేజీ అయిపోతుంది.